టమాటా యుద్ధానికి వయసెంత?

కుప్పం,
10-8-2025

అవ్వకు, హాస్టలు మంచం మీద బోర్లా పడుకుని నీ వర్షిత పెట్టే దండాలు.

కాలేజీలో చేరిన రోజు నువ్వు అడ్రసు రాసి చేతికిచ్చిన యాభై కవర్లలో ఇది ముప్పై ఒకటోది. ఫోన్ చేయొచ్చు కదా అని నా స్నేహితురాలు సుప్రియ నవ్వుతుంది. ఫోన్ చేస్తే రెండో నిమిషానికల్లా ఇందు లాక్కుంటుంది. ఆ తర్వాత దాని బడి, దాని పిల్లి, ఊగుతున్న దాని పన్ను తప్ప ఇంకో మాట ఉండదు. చిన్నాయన కూతురు కాబట్టి సరిపోయింది గానీ, సొంత చెల్లెలైతే ఏం చేసేదాన్నో!

అవ్వా, మేం తయారు చేస్తున్న ఫోను ఆట అయిపోయింది! నిన్న సాయంత్రం ఆఖరి మీట నొక్కి సుప్రియా నేనూ మంచాలెక్కి గంతులేశాం. కింద గదివాళ్లు పోయి వార్డెనుకు చెప్పారు. ఆమె వచ్చి తిట్టబోయి, తనూ ఒకసారి ఆడి పోయింది.

ఆట పేరు టమాటా యుద్ధం. మదనపల్లె టమాటా మార్కెట్టును అచ్చంగా దించేశాం. ఇటు అయిదుగురు, అటు అయిదుగురు క్రేట్ల గుట్టల మీద నిలబడతారు. ఎవరి ఫోన్లో వాళ్లు, ఎవరి ఊళ్లో వాళ్లు ఉండి ఆడొచ్చు. మెత్తబడి పారేసిన టమాటాలు ఏరుకుని అవతలివాళ్ల మీద విసరాలి. తగిలితే పచాక్కని పగిలి రసం కారుతుంది. తగిలినవాడు అరుస్తాడు. ఆ అరుపులన్నీ ఇందువే! ఏప్రిల్‌లో పుంగనూరులో మీ ఇంట్లో ఫోన్లో రికార్డు చేసుకున్నాను కదా, అవే. ఆ గొంతు లేకపోతే ఆట చప్పగా ఉండేదని సుప్రియ అంటుంది.

అసలు సంగతి ఇప్పుడు చెబుతా. నవంబరు పద్నాలుగున మదనపల్లెలో ఒక ఫంక్షన్ హాల్లో బడిపిల్లల కోసం ఆటల ప్రదర్శన పెడుతున్నారు. కాలేజీ పిల్లలు చేసిన ఆటలు పెద్ద పెద్ద తెరల మీద ఆడిస్తారు. మన ఆటను తీసుకుంటామన్నారు! కాకపోతే ఒక షరతు. దానికి ఏడేళ్ల పిల్లలు ఆడవచ్చని రేటింగు ఉండాలి. సినిమాకు సర్టిఫికెట్టు ఉన్నట్టే ఆటలకూ వయసు కడతారు. మూడు, ఏడు, పన్నెండు, పదహారు, పద్దెనిమిది. కొట్లాట, నెత్తురు, బూతులు ఎంత ఉంటే అంత పెద్ద అంకె.

ఇరవై ఆరేళ్లు మదనపల్లె టాకీసులో ఆడవాళ్ల గేటు కాసినదానివి. ఏది ఎవరు చూడొచ్చో నీకంటే తెలిసినవాళ్లు మన ఇంట్లో లేరు. ఎట్లా చెప్పేదానివో రాయవా?

ఉత్సాహంతో నిద్ర పట్టని
వర్షిత


పుంగనూరు,
19-8-2025

కుప్పంలో కూర్చుని ఊరి జనం మీద టమాటాలు వేయిస్తున్న నా మనవరాలికి,

నీ జాబు రెండుసార్లు విన్నాను. విన్నాను అనే రాశాను, చూడు. ఇందు నా కళ్లద్దాల మీద కూర్చుంది. ఒక కొమ్మ విరిగింది, ఒక అద్దం పగిలింది. కొత్తవి వచ్చేదాకా నాకొచ్చే జాబులన్నీ గట్టిగా చదివి వినిపించాలని దానికి శిక్ష వేశాను. ఈ ఉత్తరం ఒక్క అద్దంలోంచి చూస్తూ రాస్తున్నాను, వరసలు వంకరపోతే నన్ననవద్దు.

"అరుపులన్నీ ఇందువే" అన్న మాట చదవగానే అది కాగితం వదిలేసి వీధిలోకి పరిగెత్తింది. సాయంత్రానికి వీధికంతా తెలిసిపోయింది. మర్నాడు వాళ్ల హెడ్మిస్ట్రెస్ శాంతకుమారి టీచరు ప్రార్థనలో నిలబెట్టి చప్పట్లు కొట్టించిందట. నాలుగో తరగతి మొత్తాన్ని నవంబరు పద్నాలుగున వ్యానులో మదనపల్లెకు తీసుకుపోతుందట. ఇందు ఇప్పుడు నడవడం లేదు, గాల్లో తేలుతోంది.

ఇక నువ్వు అడిగినదానికి వస్తాను. గేటు దగ్గర నేను పిల్ల ముఖం చూసేదాన్ని కాదు, పిల్లను తెచ్చినవాళ్ల ముఖం చూసేదాన్ని. తెర మీద ఏముందో వాళ్లకు ముందే తెలుసు. తప్పని తెలిసినవాళ్లు పక్కకు చూస్తారు. "మా బిడ్డకు పద్దెనిమిది నిండినాయమ్మా" అని నడుమెత్తు పిల్లను చూపించేవాళ్లు. "అయితే పెండ్లి పిలుపు యాలనమ్మా రాలేదు?" అని అడిగి వెనక్కి పంపేదాన్ని.

ఇంకో సంగతి నీకు తెలియదు. అన్నేళ్లలో నేను పూర్తిగా చూసిన సినిమా ఒక్కటీ లేదు. నేను తెరకు వీపు పెట్టి, వచ్చేవాళ్ల వైపు తిరిగి నిలబడాలి. అన్నీ వీపుతో విన్నవే. విని విని, ఏ ఏడుపు ఉత్తుత్తిదో ఏది మనసులోంచి వచ్చిందో గొంతును బట్టి చెప్పేదాన్ని.

నీ ఆటకు వయసు కట్టే ఆఫీసరు వచ్చినప్పుడు ఫ్యాను కింద కూర్చోబెట్టు. మంచి కాఫీ ఇవ్వు. సగంలో లేచిపోనీయకు, ఆఖరిదాకా చూడమను. నీ ఆట ఒకసారి మీ చిన్నాయన శేఖర్ ఫోనుకు పంపు, నేనూ చూస్తాను.

ఒంటి అద్దం
అవ్వ


కుప్పం,
1-9-2025

అవ్వా,

ఆఫీసరెవరూ రారు. కాఫీ సుప్రియే తాగింది. ఆటలు పెట్టే స్టోరులో ఒక ఫారం ఉంటుంది. అందులో అడిగినవాటికి ఉందనో లేదనో మనమే గుర్తు పెట్టాలి. పెట్టిన మరుక్షణం అంకె వచ్చేస్తుంది.

మాకు పదహారు వచ్చింది.

మనిషి రూపం ఉన్నవాళ్లను కొడతారా అని అడిగితే ఉంది అని పెట్టాను. తగిలినచోట ఎర్రగా కారుతుందా అంటే ఉంది. దెబ్బ తిన్నవాళ్లు నిజమనిపించేలా నొప్పితో అరుస్తారా అంటే ఉంది. ముక్కూ మొహం తెలియనివాళ్లు ఆటలో మాట్లాడుకుంటారా అంటే, అదీ ఉంది. అన్నీ కలిపి పదహారు అంది!

సుప్రియ వాదన ఏమిటంటే, టమాటా రసం నెత్తురు కాదు, అరుపు ఉత్తుత్తి అరుపు, రెంటికీ లేదని పెట్టి మళ్లీ పంపిద్దాం, ఎవరొచ్చి చూస్తారు అని. రసం సంగతి నాకూ సబబుగానే తోచింది. అరుపు దగ్గరికి వచ్చేటప్పటికి లేదని పెట్టడానికి మాత్రం చెయ్యి రాలేదు. ఆ అరుపే మరీ నిజంగా ఉంది, చిక్కంతా దాంతోనే.

నవంబరు అయిదులోగా ఏడు అంకె చూపించకపోతే మన పేరు తీసేస్తారు. ఇందు వాళ్ల తరగతంతా వ్యాను ఎక్కి వచ్చి, మన ఆట లేకుండా తిరిగి పోవాలి. ఏం చేయాలో పాలుపోవడం లేదు. ఇందుకు మాత్రం చెప్పొద్దవ్వా. ఫోన్లో అయితే అది వింటుందనే జాబు రాస్తున్నాను, ఈపాటికి నీకు కొత్త కళ్లద్దాలు వచ్చే ఉంటాయి.

ఆట చిన్నాయన ఫోనుకు పంపాను.

వర్షిత


కుప్పం,
10-9-2025

అవ్వకు,

ఇందు రెండు రోజులుగా బడికి పోనంటోందని, ఎవరితోనూ మాట్లాడటం లేదని చిన్నాయన మెసేజీ పెట్టాడు. చెప్పొద్దని రాశాను కదా! ఒక్క మాట నీ దగ్గర దాగదా? గేటు దగ్గర అంత కట్టుదిట్టంగా ఉన్నదానివి, నా మాటకు గేటు వేయలేకపోయావా?

కోపంగానే రాస్తున్నాను. మన్నించు అని కూడా ఇప్పుడు రాయను.

వర్షిత


పుంగనూరు,
10-9-2025

వర్షితా,

కొత్త కళ్లద్దాలు నిన్ననే వచ్చాయి. నీ జాబు వచ్చిన నాటికి రాలేదు. అంటే అర్థమైందా? నీ జాబు చదివింది ఇందు.

వసారాలో కూర్చుని గొంతెత్తి చదువుకుంటూ వచ్చింది. పదహారు దగ్గర తడబడింది. "ఆ అరుపే మరీ నిజంగా ఉంది, చిక్కంతా దాంతోనే" అన్నచోట గొంతు తగ్గింది. "ఇందుకు మాత్రం చెప్పొద్దవ్వా" దాకా వచ్చి, ఆగి, నన్ను చూసి, "ఇది నేను సదవాల్నా, వద్దా అవ్వా?" అంది. దాని చేతిలోంచి కాగితం తీసేసుకున్నాను.

అప్పటినుంచీ దానికి ఒకటే ధ్యాస. "నేను గెట్టిగా అరిసినందుకే అక్క ఆట పాడైపోయినాది. ఇంక నేను యాడా అరవను" అని గుసగుసగా మాట్లాడుతోంది. పిల్లిని కూడా గుసగుసగానే పిలుస్తోంది. "నీ తప్పేముండాదే పిచ్చిదానా!" అన్నా వినదు.

నాకు ఒళ్లు మండిపోయింది. తొమ్మిదేళ్ల పిల్ల గొంతు పెట్టుకుని ఆ పిల్లకే గేటు వేస్తారా అనుకున్నాను. "సుప్రియ చెప్పినట్టు అన్నింటికీ లేదని పెట్టి పంపెయ్" అని నీకు ఒక జాబు రాశాను కూడా. ఎంతమంది బతిమాలినా గేటు తీయనిదాన్ని, నా ఇంటి పిల్ల అనేసరికి గొళ్లెం మీద చెయ్యి వేశాను. నాకే సిగ్గేసి చించేశాను. ముందు ఆట ఆడి చూద్దామనుకున్నాను.

ఎంత బాగుందే! డెబ్భై ఒకటో ఏట చెబుతున్నాను, నాకు అన్నం గుర్తే రాలేదు ఆ రోజు! క్రేట్ల చాటున నక్కిన పచ్చచొక్కావాణ్ణి వెతికి వెతికి కొట్టాను. శేఖర్ తన ఫోను తిరిగి అడిగినా నేను ఇవ్వలేదు. మార్కెట్టులో తూకం దగ్గర నిద్రపోయే కుక్కను కూడా పెట్టావు చూడు, దానికి నా మెప్పు.

కానీ ఒకటి గమనించాను. నీ ఆటలో అయిదారు అరుపులు ఉన్నాయి. తక్కినవన్నీ ఇందు ఆడుకుంటూ అరిచినవి, వింటే నవ్వొస్తుంది. ఒక్కటి అట్లా లేదు. టమాటా మొహం మీద పగిలినప్పుడు వస్తుందే, అది. అది వినపడగానే నా తల వెనక్కి తిరిగింది. ఇందు వెనకనే కూర్చుని పిల్లికి పాలు పోస్తోంది. మళ్లీ ఆడాను, మళ్లీ తిరిగాను. మూడోసారి తిరగకూడదని పళ్లు బిగబట్టి కూర్చున్నా, తిరిగాను.

ఏప్రిల్‌లో బియ్యంపెట్టె మూత ఇందు వేళ్ల మీద పడింది. గోరు నల్లబడి ఊడిపోయింది. ఆ అరుపే కదా ఇది? నువ్వు పరిగెత్తి మూత ఎత్తడం నా కళ్లారా చూశాను. ఫోను ఆపలేదా?

నాకు నిజం రాయి.

అవ్వ


కుప్పం,
16-9-2025

అవ్వకు, ఇందుకు,

నా జాబూ నీ జాబూ దారిలో ఎదురుపడి ఉంటాయి. పదో తేదీ కోపాన్ని పొయ్యిలో పడేయ్ అవ్వా. తప్పు నీది కాదు, కళ్లద్దాలదీ కాదు.

ఈ జాబు ఇందు చేతే చదివించు. కళ్లద్దాలు ఉన్నా సరే, గట్టిగా చదవమను.

ఇందూ, ఆ రోజు నేను ఫోను గూట్లో పెట్టి నీ అరుపులు రికార్డు చేస్తున్నాను. నువ్వు తెరిచిన బియ్యంపెట్టె అంచు పట్టుకుని ఎక్కబోయావు, మూత పడింది. నేను పరిగెత్తి వచ్చాను. ఫోను ఆపలేదు. రాత్రికి విన్నప్పుడు నాకు ఏడుపొచ్చింది. అయినా తీసేయలేదు. ఇంత నిజంగా ఎవరూ అరవలేరు, ఆటకు ఇదే కావాలి అనిపించింది. నిన్ను అడగలేదు. సుప్రియకు చెప్పలేదు. అందుకే ఆ ఫారంలో లేదని గుర్తు పెట్టడానికి నా చెయ్యి రాలేదు. పదహారు రావడానికి కారణం నువ్వు గట్టిగా అరవడం కాదు తల్లీ. నీ నొప్పిని నేను ఆటలో పెట్టాను. తప్పు నాది.

ఆట పోతే పోనీ. నువ్వు మళ్లీ పిల్లిని గట్టిగా పిలువు. అదే నాకు కావాలి.

మీ అక్క


పుంగనూరు,
20-9-2025

వర్షితా,

చదివించాను. మధ్యలో ఎక్కడా ఆగలేదు. అయిపోయాక కాగితం మడిచి నా ఒళ్లో పెట్టి, గోరు మొలిచిన వేలు కాసేపు చూసుకుంది. తర్వాత అడిగింది, "నా ఏలు నలిగిన అరుపు ఎంతమంది ఇన్నారవ్వా?" అని. నాకు తెలియదన్నాను. "అక్కకు తెలుసునా?" అంది. దానికి జవాబు నువ్వు వచ్చి చెప్పాలి.

అరగంటకు మళ్లీ వచ్చింది. "దసరా సెలవులకు అక్కను రమ్మను. పెట్టె దగ్గరికి కాదు, పెరట్లోకి రమ్మను. నాయనను నిమ్మనపల్లె నుంచి మెత్త టమాటాలు ఒక క్రేటు తెమ్మను. ఫోను మాత్రం నా సేతికియ్యాల. నేనే పెడతా, నేనే ఆపతా." ఈ మాటలు గుసగుసగా చెప్పలేదు. పక్కింటివాళ్లు తొంగి చూశారు.

పాత చీర ఏదైనా ఉంటే తెచ్చుకో. నీ పరిస్థితి ఏమవుతుందో నాకు ఇప్పుడే కనబడుతోంది.

అవ్వ


కుప్పం,
9-10-2025

అవ్వకు, నాలుగుసార్లు తలంటుకున్నా జుట్టులోంచి టమాటా గింజలు రాలుతున్న నీ వర్షిత దండాలు.

అవ్వా, ఏడు! ఏడు వచ్చింది! ఏడూ ఏడూ ఏడూ! ఈసారి మంచం కోడు విరిగింది, వార్డెను ఏమీ అనలేదు.

వరసగా చెబుతాను. ఆ రోజు పెరట్లో ఇందు నన్ను కొడుతూ పడీ పడీ నవ్వింది కదా, ఆ నవ్వే ఇప్పుడు ఆటంతా. టమాటా తగిలినవాడు అరవడు. మొహం తుడుచుకుని, పొట్ట పట్టుకుని, ఇందు గొంతుతో నవ్వుతాడు. తెలియనివాళ్లు మాట్లాడుకునే దారి తీసేశాం. రసం ఎరుపు మాత్రం అట్లాగే ఉంచాం. పచ్చరంగు వేద్దామని సుప్రియ అంటే, మదనపల్లె వాళ్లు నవ్విపోతారు అన్నాను. ఫారంలో ఎర్రగా కారుతుందని నిజమే చెప్పాం. మనుషులను కొడతారని నిజమే చెప్పాం. నొప్పి దగ్గరికి వచ్చాక, సుప్రియ నా చెయ్యి పట్టుకుంది. లేదు అని పెట్టాను.

పాత అరుపును ఇందు తన వేలితోనే చెరిపేసింది, నువ్వూ చూశావు. ఎంతమంది విన్నారని అడిగితే నలభై ముగ్గురు అని చెప్పాను. హాస్టల్లో ఆడినవాళ్లందరి దగ్గరా పాత ఆట తీయించాను. ఎందుకో కూడా చెప్పాను. చెప్పేటప్పుడు తల దించుకోవాల్సి వచ్చింది.

ఇక నీకో పని. ప్రదర్శనలో రెండు హాళ్లు. ఒకటి చిన్నపిల్లలది, రెండోది ఏడేళ్లు దాటినవాళ్లది. మన ఆట రెండోదాంట్లో. దాని తలుపు దగ్గర గట్టిగా వద్దని చెప్పగలిగేవాళ్లు ఎవరూ దొరకలేదని ప్రదర్శనవాళ్లు అంటుంటే, నేను నీ పేరు ఇచ్చేశాను. ఇరవై ఆరేళ్ల అనుభవం అని చెప్పాను. వాళ్లు ఎగిరి గంతేశారు. వస్తావు కదూ?

వర్షిత


పుంగనూరు,
16-11-2025

నిన్న మొన్నటిదాకా నా చేతిలో ఉగ్గు తాగిన వర్షితకు,

నువ్వు మీ తెరల దగ్గర కాలు నిలవకుండా తిరుగుతున్నావు. తలుపు దగ్గర ఏం జరిగిందో నీకు తెలియదు, అందుకే రాస్తున్నాను.

పెట్టెలోంచి టాకీసు నాటి నా పాత టార్చిలైటు తీసి, కొత్త బ్యాటరీలు వేసుకుని వచ్చాను. హాల్లో నిండా లైట్లే ఉన్నాయి, అది అక్కర్లేదు. అయినా చేతిలో ఉంటే నాకు ధైర్యం. తొమ్మిదింటికల్లా నిలబడ్డాను. మోకాళ్లు నొప్పి అని రోజూ అంటానే, సాయంత్రం అయిదు దాకా కూర్చోలేదు!

ఒకామె అయిదేళ్ల పిల్లను చంకనేసుకుని వచ్చింది. "రంగులాటే గదమ్మా, ఏమవుతుందిలే?" అంటూ పక్కకు చూసింది. నాకు అక్కడే దొరికిపోయింది. పిల్లను పక్క హాలుకు తీసుకుపొమ్మన్నాను. ఆ పిల్ల మూతి ముడిచి చూస్తుంటే, "ఏడు నిండినాక రామ్మా, నేను ఈడనే ఉంటా" అన్నాను. "అప్పటిదాంకా నువ్వు ఉంటావా?" అంది. దాని నోరు చూడు! ఉంటాను, ఉండాల్సిందే అని మాటిచ్చాను.

పదకొండింటికి పుంగనూరు వ్యాను వచ్చింది. శాంతకుమారి టీచరు, వెనక ముప్పై మంది పిల్లలు. ఇందు అందరికంటే ముందు. నన్ను చూసి ఆగి, చేతులు కట్టుకుని, "వయసు అడగవా?" అంది. "ఎంత?" అన్నాను. "తొమ్మిది నిండినాయి. లోపల నవ్వేది నేనే" అంది. తలుపు పూర్తిగా తీశాను.

తర్వాత నేను మళ్లీ బయటికి తిరిగి నిలబడ్డాను. నా అలవాటు తెలుసుగా, తెరకు వీపు. వెనకనుంచి పచాక్‌మని వినపడింది. వెంటనే ఇందు నవ్వు. మళ్లీ పచాక్, మళ్లీ నవ్వు. ఒక నవ్వు స్పీకరు పెట్టెలోంచి వస్తోంది, ఒకటి ఇందు నోట్లోంచి వస్తోంది. ఏది ఏదో తెలియలేదు నాకు. తక్కిన పిల్లలంతా కలిసేసరికి హాలు అదిరిపోయింది. గుండె నిండిపోయింది వర్షితా. కళ్లద్దాలు తీసి రెండుసార్లు తుడుచుకున్నాను.

సాయంత్రం దాకా ఆ టమాటా ఎన్నివందలసార్లు పగిలిందో. నా తల ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.

గేటు దగ్గరి
అవ్వ